రెండవ తాళం: ఆన్‌లైన్ ఆటల ఖాతాలకు రక్షణ

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని గోల్‌బజార్‌లో సాయంవేళ ఒక అరగంట నిలబడితే నాలుగు భాషలు చెవిన పడతాయి. బేరం హిందీలో మొదలై బంగ్లాలో తెగుతుంది. పక్కనే ఎవరో ఒడియాలో పలకరిస్తారు, మరొకరు శ్రీకాకుళపు యాసలో బదులిస్తారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ తన కర్మాగారాన్ని నెలకొల్పిన కాలం నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలు తరతరాలుగా ఈ ఊరిని తమదిగా చేసుకున్నాయి. తాతలు ఇంజిన్లకు మరమ్మతులు చేశారు. మనుమలు మొబైల్ ఫోనులో ఆటలాడుతున్నారు.

అట్టి ఒక ఇంట ఇటీవల జరిగిన చిన్న సంఘటనయే ఈ వ్యాసానికి ప్రేరణ. రైల్వేలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఫోనులో ఆయన మనుమడు రెండేళ్లుగా ఒక ఆట ఆడుతున్నాడు. ఒకనాడు ఆట కంపెనీ అధికారినంటూ ఎవరో ఫోను చేసి, బహుమతి వచ్చిందని మర్యాదగా హిందీలో చెప్పాడు. అదే సమయంలో ఫోనుకు తెలుగులో ఒక సందేశం వచ్చింది. అందులో ఆరంకెల సంఖ్య, దాని కింద "ఈ కోడ్‌ను ఎవరితోనూ పంచుకోవద్దు" అన్న వాక్యం ఉన్నాయి. తాతగారు కళ్లద్దాలు పెట్టుకొని ఆ సంఖ్య చదివారు. మనుమడు దానిని అధికారికి వినిపించాడు. పది నిమిషాలలో ఖాతా చేయిజారింది. అంతటితో ఆగక, ఆ ఖాతా పేరుమీదనే బాలుని మిత్రులకు డబ్బు పంపమని సందేశాలు వెళ్లాయి.

"పంచుకోవద్దన్నారు గానీ, మేమెవరికీ పంచలేదు బాబూ! అడిగిన ఆఫీసరుకే చెప్పాం" అన్నారు తాతగారు నాతో. అనువాదమే వృత్తిగా గల నాకు ఆ మాట ములుకువలె నాటింది. ఖాతాకు రెండవ తాళం ఉన్నది, అది పనిచేసింది కూడా. తాళంచెవి చేతికిచ్చినది భాష. తాళం ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో తెలుసుకోవడం అందుచేత అవసరం.

ఆటలో ఏమున్నది దొంగిలించడానికి?

"ఆటే కదా, పోతే పోయింది" అనిపించడం సహజం. కాని నేటి ఆన్‌లైన్ ఆటలో ఆటగాని కవచాలు, ఆయుధాలు, వేషాలు డబ్బుతో కొన్నవి లేక నెలల తరబడి శ్రమించి సంపాదించినవి. వాటికి కొనుగోలుదారులున్నారు. ఆటల విక్రయ వేదిక 'స్టీమ్'ను నడిపే వాల్వ్ సంస్థ, నెలకు సుమారు 77,000 ఖాతాలు దోపిడికి గురవుతున్నాయని 2015 డిసెంబరులో స్వయంగా ప్రకటించింది. అంతకు ముందు 2011 ఏప్రిల్‌లో సోనీ వారి ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి దుండగులు చొరబడినప్పుడు సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు బయటపడి, ఆ సేవ మూడు వారాలకు పైగా స్తంభించింది. డబ్బు పందెంగా కాసే ఆటల మాట వేరు. వాటిని నిషేధిస్తూ మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టాన్ని ఆమోదించింది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది పందెం లేని వినోదపు ఆటలను గురించి మాత్రమే.

మూడు విధాల రుజువు

"నేను నేనే" అని యంత్రానికి నిరూపించుకొనుటకు మూడు మార్గాలున్నాయి. మొదటిది మనకు తెలిసినది, అనగా సంకేతపదం లేక పాస్‌వర్డ్. రెండవది మన వద్ద ఉన్నది, అనగా ఫోను లేక తాళంచెవి వంటి పరికరం. మూడవది మన దేహానికి చెందినది, అనగా వేలిముద్ర, ముఖరేఖ. వీటిలో వేర్వేరు తెగలకు చెందిన రెండింటిని కలిపి అడగడమే రెండంచెల పరిశీలన.

రైల్వే కుటుంబాలకు ఈ భావం కొత్తది కాదు. ఒంటి లైను మార్గాలలో 'బాల్ టోకెన్' పద్ధతి ఒకప్పుడు విరివిగా ఉండేది. ఇంజిన్ నడపడం ఎంత బాగా తెలిసినా, లోహపు గోళం చేతికందనిదే డ్రైవరు బండిని ఆ మార్గంలోకి ప్రవేశపెట్టరాదు. ఆ గోళం కూడా అవతలి స్టేషను సమ్మతిస్తేనే యంత్రం నుండి వెలువడుతుంది. ఒకటి వెలుపల ఉండగా రెండవది రాదు. తెలిసిన విద్యకు తోడు చేతిలో ఒక వస్తువు కూడా ఉండాలన్నదే అందలి సూత్రం. ఆటల ఖాతాకు రెండవ తాళమూ ఇదే పని చేస్తున్నది.

సంకేతపదం ఎందుకు చాలదు?

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1961 ప్రాంతంలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడే ఏర్పాటు జరిగినప్పుడు, ఎవరి దస్త్రాలు వారికే దక్కుటకై సంకేతపదాలను ప్రవేశపెట్టారు. మరుసటి ఏడే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు యంత్రంపై మరింత సమయం కావాలన్న ఆశతో, సంకేతపదాల పట్టికనంతటినీ అచ్చు వేయించుకున్నాడు. సంకేతపదానికీ చౌర్యానికీ వయస్సు దాదాపు ఒక్కటే!

నేటి ప్రధాన లోపం మరొకటి. ఒకే సంకేతపదాన్ని మనం పది చోట్ల వాడతాము. భద్రత చాలని ఏదో ఒక చోట అది బయటపడితే, దొంగలు దానిని మిగిలిన తొమ్మిది చోట్లా యంత్రాలతో ప్రయత్నిస్తారు. ఒకసారి వాడిన పిదప పనికిరాకుండా పోయే సంకేతపదం ఉంటే ఈ బాధ తప్పుతుంది. లెస్లీ లాంపోర్ట్ అనే గణిత శాస్త్రజ్ఞుడు అట్టి పద్ధతిని 1981లో ప్రతిపాదించాడు. మనం ఓటీపీ అని పిలిచేది ఆ భావానికి వారసురాలు.

ఆటల లోకంలో ఈ మార్గాన్ని ముందుగా తొక్కిన వారిలో బ్లిజార్డ్ సంస్థ ఒకటి. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటగాళ్లకు 2008లో అది తాళపుగుత్తికి తగిలించుకొనే చిన్న పరికరాన్ని విక్రయించింది. మీట నొక్కితే అందులో ఒక సంఖ్య కనిపించేది. స్టీమ్ వేదిక 2011లో ఈ-మెయిల్ ద్వారాను, 2015లో మొబైల్ ద్వారాను ఇట్టి రక్షణ కల్పించింది. బలవంతం కంటె బహుమతి మేలని తలచిన ఎపిక్ గేమ్స్ సంస్థ, 'ఫోర్ట్‌నైట్'లో రెండవ తాళం వేసుకొన్న వారికి 2018లో ఒక నృత్యభంగిమను కానుకగా ఇచ్చింది. అది బాలలకు నచ్చే ఉపాయం.

ఆరంకెల వెనుక గణితం

ఈ సంఖ్య మూడు విధాలుగా మనకు చేరుతుంది. సందేశంగా రావడం మొదటి విధం. ఇది సులభమైనదే గాని, మన నంబరుమీద మోసంతో మరొక సిమ్ కార్డు పొందిన వానికి ఆ సందేశాలన్నీ చేరిపోతాయి.

రెండవది ఫోనులోనే సంఖ్యను పుట్టించే అథెంటికేటర్ యాప్. దీనికి సందేశంతో పని లేదు, ఇంటర్నెట్టూ అక్కరలేదు. మరి దూరాన ఉన్న కంపెనీ యంత్రానికి అదే సంఖ్య ఎట్లు తెలుస్తుంది? మన పంచాంగకర్తలను తలచుకోండి. ఒకరు రాజమహేంద్రవరంలో, ఒకరు శ్రీకాకుళంలో ఉండి, ఒకరికొకరు ఉత్తరమైనా వ్రాసుకోకుండా, ఒకే గణిత పద్ధతిని, ఒకే మూల సంఖ్యలను అనుసరిస్తే గ్రహణకాలం ఇద్దరికీ ఒకే విధంగా వస్తుంది. ఇక్కడా అంతే. మొదట ఖాతాను యాప్‌తో జతపరచునప్పుడు ఒక రహస్య మూలసంఖ్య ఇరువురి వద్దా నిలుస్తుంది. ఆపై ఆ మూలాన్ని, గడియారంలోని కాలాన్ని కలిపి ఇద్దరూ విడివిడిగా గణిస్తారు, ఫలితం ఒక్కటే వస్తుంది. సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి సంఖ్య మారుతుంది. ఈ పద్ధతిని ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ 2011లో ప్రచురించింది. ఫోను గడియారం తప్పుగా ఉంటే సంఖ్య చెల్లకపోవడానికి కారణం కూడా ఇదే.

మూడవది 2022 నుండి వ్యాప్తిలోకి వచ్చిన 'పాస్‌కీ'. ఇందులో చదివి చెప్పుటకు సంఖ్యయే ఉండదు. రహస్యం ఫోనును విడిచి పోదు. వేలిముద్రతో గాని ఫోను తాళంతో గాని మనం అనుమతిస్తే, ఫోనే అసలు చిరునామాకు మాత్రమే సంతకం పెడుతుంది. నకిలీ చిరునామాకు ఆ సంతకం దొరకదు.

మొదటి రెండు విధాలలోను ఒక బలహీనత మిగిలి ఉన్నది. సంఖ్య 30 సెకన్లు బ్రతికినా, ఆ 30 సెకన్లలో మనమే దానిని పలికితే లేక నకిలీ పేజీలో నింపితే, ఎంత గణితమూ మనలను కాపాడలేదు.

మాట దగ్గర తెగిన గొలుసు

తిరిగి గోల్‌బజార్ ఇంటికి వద్దాము. ఇంగ్లీషులో 'షేర్' అన్నదానికి హిందీలో 'సాఝా', తెలుగులో 'పంచుకొను' అన్నవి నిఘంటువు దృష్టిలో సరియైనవే. కాని మన ఇళ్లలో ఆస్తి పంచుకుంటారు, మిఠాయి పంచుకుంటారు, కష్టసుఖాలు పంచుకుంటారు. అధికారి అడిగినదానికి జవాబు చెప్పడం 'పంచుకోవడం' కాదు. నలభై ఏళ్లు ప్రభుత్వోద్యోగం చేసిన మనిషికి అది విధేయత, మర్యాద. మోసగాడు పట్టుకున్నది ఆ మర్యాదనే.

తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారికి అది సంతోషకరమైన వార్త. అయితే సందేశం మన లిపిలో ఉండడం మొదటి మెట్టు మాత్రమే, అది మన మాటగా ఉండడం రెండవ మెట్టు. "ఈ అంకె ఎవరికీ చెప్పకండి. మా ఆఫీసు వారమని అడిగినా చెప్పకండి" అని ఉంటే ఆ తాతగారు నోరు విప్పేవారు కారు. అనువాదకులు, సందేశాలు పంపే సంస్థలు ఈ భేదాన్ని గుర్తించాలి. హెచ్చరిక అర్థం కాకపోతే అది హెచ్చరికే కాదు.

ఇంటింటా చేయదగినవి

మన దేశంలో పిల్లలాడే పలు మొబైల్ ఆటలకు వేరే తాళం ఉండదు. గూగుల్ లేక ఫేస్‌బుక్ ఖాతా ద్వారానే వాటిలోకి ప్రవేశం. కనుక ముందుగా ఆ మూల ఖాతాకు రెండంచెల పరిశీలన అమర్చాలి. వీలున్న చోట పాస్‌కీ, లేకపోతే అథెంటికేటర్ యాప్, అదీ లేకపోతే సందేశం ఎంచుకోవాలి. ఏ రక్షణా లేకపోవడం కంటె సందేశమైనా ఎంతో మేలు. అమర్చునప్పుడు ఇచ్చే పునరుద్ధరణ సంఖ్యలను కాగితంపై వ్రాసి ఇంటి పత్రాలతో పాటు భద్రపరచాలి. ఫోను పోయిననాడు వాటితోనే మన ఇంట్లోకి మనం ప్రవేశించగలము.

మనం ప్రవేశించనప్పుడు సంఖ్య వచ్చిందంటే, ఎవరో మన తలుపు తడుతున్నారని అర్థం. వెంటనే సంకేతపదం మార్చాలి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఇతరుల సంకేతపదాన్ని మోసపూరితంగా వాడిన వానికి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను క్రింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. అన్నింటికీ మించి, మోసపోయిన పిల్లవానిని తిట్టరాదు. భయపడిన బిడ్డ తదుపరి మోసాన్ని దాచిపెడతాడు.

ఆ తాతగారు ఇప్పుడు తన ఫోను వెనుక ఒక చీటీ అంటించుకున్నారు. "అంకె అడిగేవాడు దొంగ" అని తెలుగులో, దాని కింద హిందీలోను, బంగ్లాలోను వ్రాయించారు. పొరుగింటి బెంగాలీ గృహిణి అది చూసి తానూ ఒకటి అంటించుకున్నదట. ఎన్నో భాషలు కలిసి బ్రతికే ఆ వీధిలో ఒక ఇంటి అనుభవం మరొక ఇంటికి కాపలా అయింది. పంచుకోదగినది అదే!