బూటుకాలి పరుగు

సైన్యంలో చేరాలనుకునే మన కుర్రాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. మిలిటరీ బూట్లు కొనుక్కుని, తెల్లవారుజామునే తారురోడ్డు మీద ఆ బరువుతో పరుగెత్తితే, సెలక్షన్ రోజున మామూలు బూట్లతో గాలిలో తేలిపోవచ్చునని! ఎన్.సి.సి. చూసే మనిషిని కాబట్టి ఈ మాట నాకు ఏటా వినబడుతుంది. కాదంటే వెంటనే జాటోపెక్ పేరు చెబుతారు. నిజమే. చెకోస్లొవేకియా సైన్యంలో పనిచేసిన ఎమిల్ జాటోపెక్ బరువైన సైనిక బూట్లతో సాధన చేసినవాడే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. అయితే ఆయన బూట్లు గుర్తున్నంతగా, ఏళ్ళ తరబడి చేసిన సాధన ఎవరికీ గుర్తుండదు.

ముందు లెక్క చూద్దాం. 5 కిలోమీటర్ల పరుగులో అడుగు మీటరు చొప్పున 5,000 అడుగులు. అంటే ఒక్కో కాలూ 2,500 సార్లు పైకి లేవాలి. మామూలు పరుగు బూటు 250 గ్రాములు, మిలిటరీ బూటు 700 గ్రాములు అనుకోండి. తేడా 450 గ్రాములే. 2,500తో గుణిస్తే 1,125 కిలోలు! బస్తాకి 75 కిలోల చొప్పున 15 బస్తాల ధాన్యం, అదీ ఒక్క కాలికి. పైగా ఈ బరువు కాలి చివర ఉంటుంది. గునపాన్ని మధ్యలో పట్టి తిప్పడం వేరు, చివర పట్టి తిప్పడం వేరు. ఫిజిక్సు విద్యార్థులకి చెప్పనక్కర్లేదు. పాదం మీది ఒక కిలో, వీపు మీది అయిదారు కిలోలంత శ్రమ పెడుతుందని కొలిచి చూసినవాళ్ళు చెప్పారు.

బూట్లు మారలేదా అంటే, చాలా మారాయి. పాతకాలపు బూటుకి తోలు సోలు, దాని నిండా ఇనప మేకులు. తరువాత వచ్చిన డి.ఎం.ఎస్. బూటులో రబ్బరు సోలుని తోలుకి నేరుగా పోతపోసి అతికించారు. మన కేడెట్లకి బాగా తెలిసిన బూటు ఇదే. వియత్నాం యుద్ధంలో అమెరికన్లు వాడిన జంగిల్ బూటుకి పైన నైలాను గుడ్డ, నీళ్ళు పోవడానికి పక్కన రంధ్రాలు పెట్టారు. ఇప్పటివాటిలో సోలు మధ్య మెత్తని నురగ పొర కూడా ఉంటోంది. అయినా బూటు చేసే పని వేరు. ముల్లు, రాయి, బురద నుంచి కాపాడాలి, చీలమండ మెలికపడకుండా చూడాలి. అందుకే గట్టిగా ఉంటుంది. పాదాన్ని పరుగుకి కావలసినంత వంగనివ్వదు.

మన సైన్యానికి ఈ తేడా తెలుసు. పి.పి.టి.లో 2.4 కిలోమీటర్ల పరుగు పి.టి. బూట్లతోనే ఉండేది. బి.పి.ఇ.టి.లో మాత్రం 5 కిలోమీటర్లు రైఫిలు, సామానుతో, మిలిటరీ బూట్లతో పరుగెత్తవలసి ఉండేది. భర్తీలో పెట్టే 1.6 కిలోమీటర్ల పరుగుకి మిలిటరీ బూట్లతో పనే లేదు. అమెరికా సైన్యం కూడా 1980ల మొదట్లోనే వ్యాయామపు పరుగుని బూట్ల నుంచి పరుగు బూట్లకి మార్చింది.

అసలు భయం ఎముకతో. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసిన సిపాయిల పాదాలు వాచిపోవడం గమనించి రాశాడు. కారణం ఎక్స్‌రే వచ్చాకగాని తేలలేదు. పాదంలోని సన్నటి ఎముకలు చిట్లుతున్నాయని 1897లో తెలిసింది. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు పాతభాగాన్ని కొంత కరిగించుకుని, తరువాత కొత్తది కట్టుకుంటుంది. ఇల్లు విప్పి కట్టుకునేటప్పుడు వాన వచ్చినట్టు, సాధన మొదలెట్టిన మూడు నాలుగు వారాలకి ఎముక బలహీనంగా ఉంటుంది. మనవాడు సరిగ్గా అప్పుడే ఊపు పెంచుతాడు! ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒక్కచోటే నొప్పి చురుక్కుమంటే అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది’ అని పరుగు కొనసాగిస్తే భర్తీ సమయానికి కాలు కట్టుతో ఉంటుంది. వయోపరిమితి మాత్రం మనకోసం ఆగదు.

తప్పంతా బూటుదే అనలేం. ఇజ్రాయెల్‌లో 390 మంది కొత్త సిపాయిల మీద జరిపిన పరిశీలన 1992లో అచ్చయింది. కొందరికి బాస్కెట్‌బాల్ బూట్లు ఇచ్చారు. వాళ్ళకి పాదాల గాయాలు తగ్గాయి గాని, మొత్తం గాయాల సంఖ్య తగ్గలేదు. మోకాలికి, ముంగాలికి మెత్తటి బూటు ఒక్కటే చాలదు. శ్రమని మెల్లగా పెంచాలి.

బూట్లు అలవాటు చేసుకోవాలనుకునేవాళ్ళకి నా సలహా: మొదటి రెండు వారాలూ వాటితో నడవండి, పరుగు వద్దు. తరువాత వారానికి ఒక్కసారి, మట్టి నేల మీద, చిన్న అడుగులతో కొద్దిదూరం పరుగెత్తండి. మిగతా రోజులు మామూలు బూట్లే. కొనేటప్పుడు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేసుకోబోయే మేజోళ్ళతోనే తొడిగి చూడండి. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లోపల ఆడకూడదు. తడిసిన తోలుబూటుని పొయ్యి దగ్గర పెట్టకండి, బిగుసుకుపోతుంది. లోపల పాత వార్తాపత్రిక కుక్కి నీడన ఆరబెట్టి, కాగితం తడిసినప్పుడల్లా మార్చండి.