మీకు తెలుసా? పెడల్ వరుస మారితే గిటార్ గొంతే మారుతుంది

పెడల్స్ అవే, సెట్టింగులూ అవే. వరుస మారిస్తే శబ్దం వేరు. కారణం డిస్టార్షన్. అది సిగ్నల్ శిఖరాలను కోసేస్తుంది. అప్పుడు ఒకేసారి వచ్చిన స్వరాలు కలిసి, మూలంలో లేని కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. ప్రతిధ్వనులు పుట్టించే డిలేను డిస్టార్షన్‌కు ముందు పెడితే పాత ప్రతిధ్వని, ఇప్పుడు మీటిన స్వరం రెండూ ఒకే ముద్దగా నలిగిపోతాయి. తర్వాత పెడితే ప్రతి ప్రతిధ్వనీ విడిగా వినిపిస్తుంది. డిస్టార్షనే లేకపోతే డిలే, రివర్బ్ ముందువెనకలైనా తేడా స్వల్పమే. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ తెచ్చిన ఫజ్ ఫేస్ అనే ఫజ్ (గరగర డిస్టార్షన్) పెడల్‌ది ఇంకో సంగతి. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ కాబట్టి గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. గిటార్ మీది వాల్యూమ్ నాబ్ కాస్త తగ్గించగానే గరగర పోయి స్వరం తేటపడుతుంది. మధ్యలో బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే సర్క్యూట్) వస్తే ఆ సుగుణం చాలావరకు పోయి శబ్దం చెవిలో గుచ్చుకుంటుంది. అందుకే ఫజ్‌ను గిటార్ పక్కనే ఉంచాలి.

చెవికి నచ్చిందే వరుస, ఈ నియమాలెందుకు అంటారు కొందరు. ఉదాహరణకు గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ ఫేజర్‌ను (స్వరానికి సుడితిరిగే ఊపునిచ్చే పెడల్) ఆంప్ డిస్టార్షన్‌కు ముందే పెట్టారు, అద్భుతంగా కుదిరింది. నిజమే. అయితే ఫేజర్ ముందుంటే దాని ఊపు డిస్టార్షన్‌లో కలిసి మెత్తబడుతుంది, వెనకుంటే కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. ఆయన వాయింపుకు కావలసింది ఆ మెత్తదనమే.