మాట బయటికొచ్చింది, మనిషి ఎక్కడ?

1999 డిసెంబరు 3. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ నగరం. మూతపడిన పాత కోల్డ్ స్టోరేజ్ గిడ్డంగిలో మంటలు లేచాయి. లోపలి చలి బయటికి పోకూడదని కట్టిన కట్టడమది. కిటికీలు దాదాపు లేవు. మందపాటి ఇటుక గోడలకు లోపలివైపు తారు, కార్క్, నురుగు పొరలు. ఇల్లు లేని ఇద్దరు అందులో తలదాచుకుంటున్నారని విని, చిక్కుకుపోయారేమోనని ఫైర్‌మన్లు వెతకడానికి వెళ్లారు. ఆ ఇద్దరూ అప్పటికే బయటపడి ఎటో వెళ్లిపోయారు. పొగలో ఇద్దరు ఫైర్‌మన్లు దారి తప్పారు. సిలిండర్లో గాలి అయిపోతోందని రేడియోలో చెప్పారు. వాళ్లను వెతుకుతూ వెళ్లినవాళ్లలో మరో నలుగురు తిరిగి రాలేదు. ఆరు మృతదేహాలనూ బయటికి తీయడానికి వారం దాటింది.

సాయం అడిగిన మాట గోడలు దాటి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలియలేదు. మాటను మోసిన తరంగమే చోటును కూడా ఎందుకు చెప్పలేకపోయింది? అదే ఊళ్లో ఉన్న వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు ఈ ప్రశ్నను సొంత బాధగా తీసుకున్నారు. డేవిడ్ సిగాన్‌స్కీ, జేమ్స్ డక్‌వర్త్, జాన్ ఆర్ అక్కడ ఏళ్ల తరబడి ఒక పరికరం మీద పనిచేశారు. లోపలికి వెళ్లే ప్రతి ఫైర్‌మన్ ఒంటి మీదా చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. బయట నిలిపిన ఫైరింజన్ల మీద యాంటెనాలు ఉంటాయి. భవనంలో ముందుగా ఏదీ బిగించి ఉండనక్కర్లేదు. ఆ చివరి షరతే పనిని కష్టం చేసింది. కాలిపోతున్న భవనం ముందే వైఫై పెట్టుకుని, మ్యాపు గీయించుకుని సిద్ధంగా ఉండదు కదా!

జీపీఎస్ ఉంది కదా అనొచ్చు. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కణ్నుంచి నేలకు చేరేసరికే సిగ్నల్ నీరసించిపోతుంది. దాని మీద నాలుగు కాంక్రీటు స్లాబులు వేస్తే ఇక మిగిలేదేముంటుంది? బండి నడిపేటప్పుడు సందు మలుపు కూడా చెప్పే ఫోను షాపింగ్ మాల్ సెల్లార్లోకి దిగగానే తడబడేది అందుకే.

ఇంట్లో చోటు కనిపెట్టడానికి ముచ్చటగా తోచే మార్గం కాలాన్ని కొలవడం. రేడియో తరంగం ఒక నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. అది బయల్దేరి చేరిన కాలం తెలిస్తే దూరం తెలిసినట్టే. మూడు నాలుగు చోట్ల నుంచి దూరాలు తెలిస్తే మనిషి దొరికినట్టే. కాగితం మీద ఇది హైస్కూలు రేఖాగణితం. భవనంలోకి వెళ్లాక గోడలు, ఇనుప బీరువాలు, లిఫ్టు తలుపులు, మనుషుల ఒళ్లు అన్నీ లెక్కలో జొరబడతాయి. తరంగం నేరుగా ఒకసారి, ఈ గోడకు తగిలి ఒకసారి, ఆ బీరువాకు తగిలి మరోసారి చేరుతుంది. ఫంక్షన్ హాల్లో స్తంభం వెనక కూర్చుంటే మైకులో మాట ఎదుటి నుంచి కాక పక్క గోడ నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది చూడండి, రిసీవరుకూ అదే భ్రమ కలుగుతుంది. వూస్టర్ పాలిటెక్నిక్‌లోనే కావే పహ్లావాన్ అనే ఆచార్యుడు ఈ చిక్కునే తవ్వి తీశారు. నేరుగా రావలసిన కిరణాన్ని ఏ ఇనుప తలుపో మింగేస్తుంది. చుట్టూ తిరిగి వచ్చినదే గట్టిగా వినిపిస్తుంది. దాన్నే అసలుదనుకుంటే లెక్క ఎన్నో మీటర్లు పక్కకు పోతుంది. మెరుగైన గడియారం కొన్నా ఈ తప్పు పోదు. గడియారం సరిగ్గానే కొలిచింది, కొలిచినదే వేరే దారిని!

దీనికి ఒక మందు సిగ్నల్ వెడల్పు, అంటే అది ఆక్రమించే ఫ్రీక్వెన్సీల మేర. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న మామూలు వైఫై సిగ్నల్‌తో, దారుల పొడవుల్లో సుమారు 15 మీటర్ల తేడా ఉంటేనే రెండు రాకలను విడిగా గుర్తించగలం. మన గదులన్నీ అంతకన్నా చిన్నవే కాబట్టి ప్రతిధ్వనులన్నీ ఒక ముద్దగా వచ్చిపడతాయి. 500 మెగాహెర్ట్జ్ వెడల్పు ఇస్తే ఆ హద్దు 60 సెంటీమీటర్లకు దిగుతుంది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ చేసేది ఇదే. అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2002లో దీనికి అనుమతి ఇచ్చింది. 2019లో ఐఫోన్ 11లోకి ఈ చిప్ వచ్చింది. 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్‌తో సోఫా కింద పడిన తాళంచెవిని బాణం గుర్తు చూసి వెతుక్కుంటున్నాం. ఇతర రేడియోలకు అడ్డు రాకుండా దీని శక్తిని బాగా తక్కువలో కట్టేశారు. కాబట్టి సోఫా దాకా బాగుంది, ఆరంతస్తుల ఇటుక గిడ్డంగిని దాటడం దీనివల్ల కాదు.

రెండో దారిలో కాలాన్ని కొలవరు, జ్ఞాపకం పెట్టుకుంటారు. 2000లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పరమ్‌వీర్ బహల్, వెంకట పద్మనాభన్ ఒక ఆఫీసు అంతస్తులో మూడు వైర్‌లెస్ కేంద్రాలు పెట్టి, 70 చోట్ల నిలబడి, ఒక్కోచోట నాలుగు దిక్కులకూ తిరిగి సిగ్నల్ బలం రాసుకున్నారు. తర్వాత ఎవరైనా వచ్చి నిలబడితే, వారి పరికరానికి అందిన బలాలు పాత పట్టీలో దేనికి దగ్గరో చూడటమే. రెండు మూడు మీటర్ల తేడాతో చోటు దొరికింది. నాలుగు దిక్కులకూ ఎందుకు తిరిగారంటే, మనిషి ఒళ్లే సిగ్నల్‌కు అడ్డం. ఒకే చోట నిలబడి వెనక్కి తిరిగినా అంకె మారిపోతుంది.

ఆ పట్టీ రాయడం విసుగు పని. పైగా బీరువా జరిపితే పట్టీ పాతబడుతుంది. 2012లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ ల్యాబ్ నుంచి దీనికి అందమైన జవాబు వచ్చింది. అన్షుల్ రాయ్, కృష్ణకాంత్ చింతలపూడి, పద్మనాభన్, రిజురేఖా సేన్ ఆ పనికి ‘జీ’ అని పేరు పెట్టారు. జేబులో ఫోను పెట్టుకుని మనుషులు మామూలుగా తిరుగుతుంటే చాలు. ఫోను అడుగులనూ మలుపులనూ లెక్కపెడుతుంది. భవనం ప్లాను మీద ఆ నడకను పరిచి, గోడలోంచి పోవాల్సిన దారులను కొట్టేస్తూ పోతే చివరికి కుదిరే దారి తేలుతుంది. మనిషి గోడలోంచి నడవలేడు కదా! అక్కడి సిగ్నల్ బలాలు వాటంతటవే పట్టీలోకి ఎక్కుతాయి. తరంగాలను తప్పుదారి పట్టించిన గోడనే సాక్షిగా నిలబెట్టిన ఈ ఆలోచన నాకు అన్నిటికన్నా నచ్చింది. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో మణికంఠ కోటారు, సహచరులు మూడు యాంటెనాలున్న మామూలు వైఫై కార్డులతోనే, తరంగం వచ్చిన కోణాన్ని పట్టుకుని తప్పును 40 సెంటీమీటర్ల దాకా తెచ్చారు.

ఈ అంకెలు చదివేటప్పుడు కాస్త ఆగాలి. 40 సెంటీమీటర్లన్నది మధ్యస్థం. అంటే సగం సార్లు తప్పు అంతకన్నా ఎక్కువే. బట్టల షాపులో చీరల విభాగం వెతుక్కునేవారికి దీనితో ఇబ్బంది లేదు. పొగలో పాకుతున్నవాడికి మధ్యస్థంతో పనిలేదు, అన్నిటికన్నా పెద్ద తప్పు ఎంతన్నదే కావాలి. అందులోనూ ఆరు మీటర్లు పక్కకు తప్పితే తడుముకుంటూ చేరొచ్చు. మూడు మీటర్లు పైకి తప్పితే వేరే అంతస్తులో వెతుకుతారు.

అందుకే ఎఫ్‌సీసీ 2019లో ఎత్తుకూ నిబంధన పెట్టింది. అమెరికా అత్యవసర నంబరు 911కు భవనాల లోపలి నుంచి చేసే సెల్‌ఫోన్ కాల్స్‌లో 80 శాతానికి, మూడు మీటర్లు అటూ ఇటూగా ఎత్తు చెప్పాలి. దీనికి ఫోనులోని వాయుపీడన సెన్సరు రేడియోకు తోడవుతుంది. మీటరు పైకెక్కితే పీడనం సుమారు 12 పాస్కల్స్ తగ్గుతుంది. ఆ తేడాను ఈ సెన్సర్లు పట్టుకుంటాయి. అయితే కంట్రోల్ రూముకు వచ్చేది భూగోళపు ఆకృతి నుంచి లెక్కించిన ఎత్తు, ఇన్ని మీటర్లని. ఫైర్‌మన్‌కు కావలసింది ఎన్నో అంతస్తని. అంతస్తు తెలిస్తే అదీ పంపాలన్నారు గానీ, తెలియాలంటే ఆ భవనంలో ఏ అంతస్తు ఎంత ఎత్తున ఉందో ఎవరో ముందే రాసి ఉంచాలి.

పొగ నిండిన అంతస్తులోంచి ఇంటివాళ్లకు ఫోన్లు మన దగ్గరా వచ్చాయి. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక చనిపోయారు. అక్కడ చోటు తెలిస్తే చాలేదని అనలేం, మెట్లలో పొగ లేని దారి కూడా ఉండాలి. కానీ ఇక్కడి అపార్టుమెంట్లలో స్టిల్ట్ పార్కింగును అంతస్తుగా లెక్కించేవారున్నారు, లెక్కించనివారున్నారు. కొన్నిచోట్ల సెల్లార్లు రెండు, పైన పెంట్‌హౌస్ ఒకటి. ‘మూడో అంతస్తు’ అని ఫోనులో చెబితే అది నేల నుంచి ఎన్ని మీటర్లో ఆ బిల్డింగు వాచ్‌మన్‌కే తెలియాలి. ఎత్తయిన భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఇచ్చేముందు ప్లాన్లు తీసుకుంటూనే ఉంది. ఆ ప్లాన్లలోని అంతస్తుల ఎత్తులను, మెట్ల స్థానాలను ఒక పట్టికగా కంట్రోల్ రూము కంప్యూటర్లోకి ఎక్కించడానికి కొత్త చిప్ ఏదీ కనిపెట్టనక్కర్లేదు, డేటా ఎంట్రీ గుమాస్తా చాలు.