రాయదుర్గం: ఊరిపేరులో నిలిచిన భూమి చరిత్ర

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు మెట్రో రైలు నీలిరంగు మార్గంలో పడమటి కొసన ఉన్న స్టేషను రాయదుర్గం. 2019 నవంబరు 29న ప్రారంభమైన ఈ స్టేషనులో దిగి హైటెక్ సిటీ కార్యాలయాలకు వెళ్లే ఉద్యోగులలో చాలామందికి అది స్టేషను పేరు మాత్రమే. రెవెన్యూ దస్త్రాలలో మాత్రం రాయదుర్గం ఒక ఊరు కాదు, మూడు ఊళ్లు: రాయదుర్గం పాన్‌మక్తా, రాయదుర్గం పాయగా, రాయదుర్గం నవ్‌ఖాల్సా. మూడూ రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలానికి చెందినవే.

తెలుగులో గ్రామనామ పరిశోధనకు గట్టి పునాదే ఉంది. కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’ ఆ దారిలో ప్రసిద్ధమైన కృషి. సాధారణంగా ఊరిపేరును పూర్వపదం, ఉత్తరపదం అని విడదీసి అర్థనిర్ణయం చేస్తారు. రాయదుర్గం విషయంలో ఆ విభజన చాలదు. వాడుకలో రాలిపోయి దస్త్రంలో మాత్రమే మిగిలిన మూడో పదం దగ్గరే ఈ ఊరి చరిత్ర ఉంది. ఆ పదం ఆధారంగా రాయదుర్గం నైసర్గిక స్థితిని, భూచరిత్రను, సాముదాయిక జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేల, నీరు

సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలపై ఏర్పడిన ప్రాంతమిది. మెట్టభూమి ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ల పేర్లలోనూ రాయే కనిపిస్తుంది: కొండాపురం, మణికొండ, మసీదుబండ, గుట్టల బేగంపేట. ‘రాయదుర్గం’లోని ‘రాయ’ శబ్దాన్ని కూడా ‘రాయి’గా గ్రహించాలనిపించడం సహజం. అయితే ‘రాయి’కి ఔపవిభక్తిక రూపం ‘రాతి’ కాబట్టి, ‘రాజు’ అనే అర్థంలోని ‘రాయ’ శబ్దమే ఇక్కడ సమంజసం. అనంతపురం ప్రాంతపు రాయదుర్గం పేరు కూడా ఈ అన్వయానికే తోడ్పడుతుంది. ఉర్దూ వ్యవహారంలో ‘దుర్గం’ చివరి ‘అం’ లోపించి ‘రాయ్‌దుర్గ్’ అయింది. ఇంగ్లీషు వర్ణక్రమం దాన్నే స్థిరపరిచింది. తెలుగువారి నోట కూడా నేడు ఆ రూపమే ఎక్కువగా వినిపిస్తుంది. ‘దుర్గం’ రూపం చెక్కుచెదరకుండా మిగిలింది చెరువు పేరులోనే.

దుర్గం చెరువు గుట్టల నడుమ, పైనుంచి చూస్తే తప్ప కంటబడని చోట ఉండేది. ‘రహస్య చెరువు’ అన్న పేరు అందువల్లనే వచ్చింది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు తాగునీరు ఇక్కడి నుంచే వెళ్లేదని ప్రసిద్ధి. 2020 సెప్టెంబరు 25న దీనిపై తీగల వంతెన ప్రారంభమైన తరువాత అది రహస్యం కాదు, సాయంత్రపు విహారస్థలం.

తెలంగాణ పల్లెలో చెరువు అంటే నీళ్లు మాత్రమే కాదు, ఒక వ్యవస్థ. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, నీటిని వంతులవారీగా పంచే నీరడి, కట్టమీద మైసమ్మ అందులో భాగాలు. నీరు తగ్గినప్పుడు బయటపడే నేలను ‘శిఖం’ అంటారు. ఏటా మునిగి తేలే నేలకు పాత సమాజం ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకుంది. ఆ నేలపై శాశ్వత నిర్మాణం తగదన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. ప్లాట్ల భాషలో శిఖానికి చోటు లేకపోయింది. 2024 ఆగస్టులో దుర్గం చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉన్నాయంటూ చుట్టూ ఉన్న కాలనీల ఇళ్లకు అధికారులు నోటీసులు ఇచ్చినప్పుడు తలెత్తిన వివాదం, మూలంలో, శిఖం హద్దు గురించిన వివాదమే.

3. మూడు తోకలు

‘మక్తా’ అంటే నిర్ణీత మొత్తం చెల్లించే షరతుపై ఇచ్చిన భూమి. ఆ మొత్తం ఎన్నటికీ మారనిదైతే ‘పాన్‌మక్తా’. ‘పాయగా’ అశ్వశాల అనే అర్థం కూడా ఉన్న పారసీక పదం. నిజాముకు అశ్విక దళాన్ని పోషించే బాధ్యతపై ఉన్నత ప్రభువంశానికి లభించిన ఎస్టేటుకు అది పేరైంది. ‘ఖాల్సా’ నేరుగా ప్రభుత్వం శిస్తు వసూలు చేసే భూమి. ‘నవ్’ అంటే కొత్త. కాబట్టి పదార్థాన్ని బట్టి నవ్‌ఖాల్సా, వేరే అధీనం నుంచి కొత్తగా సర్కారులో కలిసిన భాగం. అంటే ఒకే ఊరిపేరు కింద ముగ్గురు యజమానులు, మూడు రకాల శిస్తు, మూడు వేర్వేరు దస్త్రాలు.

ఇరుగుపొరుగు పేర్లను కూడా ఈ దృష్టితో చదవవచ్చు. శేరిలింగంపల్లిలోని ‘శేరి’ ప్రభువు సొంత సేద్యానికి ఉంచుకున్న నేల. మణికొండ జాగీరు, కంచ గచ్చిబౌలి పేర్లు విడమరిచి చెప్పనక్కరలేదు. పశువుల మేతకు విడిచిన భూమి ‘కంచ’ అని తెలిసినవారికి, 2025లో అక్కడి 400 ఎకరాలపై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వివాదం మరో కోణంలో కనిపిస్తుంది.

1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన అమలులోకి వచ్చింది. అధికారం పోయింది గాని పేరు పోలేదు. మణికొండ జాగీరులోని 1,654 ఎకరాలు వక్ఫు ఆస్తా, ప్రభుత్వ భూమా అన్నది 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తేల్చేదాకా నిలిచే ఉంది. ఆ భూమి ఏ స్వభావంతో ఎవరికి దక్కిందన్న పాత ప్రశ్నే అక్కడ రూపాయల ప్రశ్న అయింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ప్రభుత్వం వేలం వేసిన స్థలం ఎకరం 177 కోట్ల రూపాయలు పలికింది. ప్రచారంలో ఆ స్థలం పేరు నాలెడ్జ్ సిటీ. సర్వే వివరాలలో అది రాయదుర్గం పాన్‌మక్తా, సర్వే నంబరు 83. ఒకనాడు శిస్తు ఎన్నటికీ పెరగదన్న హామీ ఇచ్చిన పదం అది!

4. సాముదాయిక జీవితం

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం మహానగర పాలక సంస్థలో విలీనమైంది. పల్లె పరిపాలన ముగిసినా ‘గ్రామకంఠం’ మాత్రం అద్దాల మేడల నడుమ ఇరుకు సందులతో మిగిలింది. పాత పెంకుటిళ్ల స్థానంలో నాలుగైదు అంతస్తుల హాస్టళ్లు లేచాయి. శ్రీకాకుళం నుంచి, కడప నుంచి, ఆదిలాబాదు నుంచి వచ్చిన యువతీయువకులు ఒకే మెస్సులో తింటున్నారు. మాండలిక సంపర్కాన్ని అధ్యయనం చేయదలచిన వారికి ఇంతకంటే అనువైన క్షేత్రం అరుదు.

ధర పెరిగిన నేల అందరినీ ఒకే తీరున ఆదుకోలేదు. పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు మరో గడి ఉండేవి. జాగీరు, పాయగా గ్రామాలలో దున్నిన చేయి, దస్త్రంలోని పేరు తరచు వేరు. పట్టా ఉన్నవారు ప్లాట్లు అమ్మి, హాస్టళ్లు కట్టగలిగారు. కౌలుదార్లకు, కూలీలకు, నీరడి వంటి వృత్తులవారికి ఆ ధరలో వాటా లేదు. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణిలో అనుభవదారు గడినే తీసివేశారు.

ఆషాఢంలో బోనాలు ఈ పాత ఊళ్ల సందులలో నేటికీ బయలుదేరుతాయి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ హిందువులు, ముస్లింలు కలిసి జరుపుకున్నదే. సమీపంలోని మాదాపురంలో 1992లో రూపొందిన శిల్పారామంలో కుమ్మరి, సాలె, కమ్మరి వృత్తులవారి నిలువెత్తు బొమ్మలతో నమూనా పల్లె ఉంది. సందర్శకులు టికెట్టు కొని ఆ పల్లెను చూస్తారు. గోడ అవతల అసలు పల్లె ఉన్నదని చెప్పే ఫలకమేదీ అక్కడ కానరాదు.

ఇక్కడ పరిశోధకులు ముందుగా సేకరించవలసినవి ఊళ్ల పేర్లు కావు, పొలాల పేర్లు. ఊరిపేరును మెట్రో స్టేషను, దస్త్రం, న్యాయస్థానం మూడూ కాపాడుతున్నాయి. చెరువు కింది మళ్లకు, బండల నడుమ చెలకలకు, కుంటలకు, బాటలకు రైతులు పెట్టుకున్న పేర్లు ఏ దస్త్రానికీ ఎక్కలేదు. దస్త్రంలో వాటికి ఉన్నవి సర్వే నంబర్లే. ఆ మళ్లలో నాట్లు వేసిన స్త్రీలలో కొందరు నేడు అవే నంబర్లపై లేచిన కార్యాలయాలలో, హాస్టళ్లలో పారిశుద్ధ్య పనికి వెళ్తున్నారు.