చురక

మే నెల మిట్టమధ్యాహ్నం నెల్లూరు దగ్గర మైపాడు సముద్రతీరాన, చెప్పులు లేకుండా ఇసుకలో అడుగు పెడితే ఏమవుతుంది? అరికాలు చుర్రుమంటుంది. చురచుర, చురుక్కు, చురుకు, చురక! ఈ మాటలన్నీ ఒక ఇంటి పిల్లల్లా లేవూ? వీటిలో చురక సంగతి చిత్రమైనది. అది వైద్యంలోనూ ఉన్నది, మాటల్లోనూ ఉన్నది.

పూర్వం మన పల్లెల్లో ఎద్దు మెడ వాచినా, మనిషికి కామెర్లు వచ్చినా ఇనపకడ్డీ కాల్చి ఒంటికి అంటించేవారు. దానినే చురక వేయటమనీ, వాత పెట్టటమనీ అంటారు.

కాల్చటం కూడా వైద్యమేనా? ఒక్కొక్కప్పుడు వైద్యమే. కారే నెత్తురును ఆపటానికి సుశ్రుతసంహిత నాలుగు ఉపాయాలు చెప్పింది. మొదటి మూడూ పనిచేయనప్పుడే నాలుగోది, అంటే కాల్చటం. వేడి పెనంమీద కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడుతుంది కదా! అలాగే వేడి తగిలినచోట నెత్తురూ, కండా గట్టిపడి, తెగిన రక్తనాళం మూతి మూసుకుపోతుంది.

1926లో అమెరికాలోని బోస్టన్ నగరంలో హార్వీ కుషింగ్ అనే డాక్టరు, బోవీ అనే శాస్త్రజ్ఞుడు చేసిన విద్యుత్ పరికరంతో తలలోని కంతికి శస్త్రచికిత్స చేశాడు. ఇప్పుడు అటువంటి పరికరాలు నెల్లూరు ఆస్పత్రుల్లోనూ ఉన్నాయి. రోగికి మత్తుమందు ఇచ్చి, కావలసిన చోట మాత్రమే కాలుస్తారు.

మరి కామెర్లకు వాత పెడితే? రోగం లోపల ఉంటే, కాలేది పైన చర్మం! రోగం తగ్గదు సరిగదా, పుండు పడి చీము పడుతుంది. ఆస్పత్రికి వెళ్ళవలసిన వేళ కాస్తా దాటిపోతుంది. పసిపిల్లలకైతే ప్రాణానికే ముప్పు. పిల్లలకూ, ముసలివారికీ కాల్చే చికిత్స కూడదని సుశ్రుతసంహితే చెప్పింది. అయినా ఇప్పటికీ అక్కడక్కడ పిల్లలకు వాతలు పెడుతూనే ఉన్నారు. ఎవరైనా అలా చేయబోతే, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మని చెప్పండి.

ఇక మాటల్లో చురక. "మాస్టారు వాడికి భలే చురక అంటించారు!" అంటాం. అక్కడ కడ్డీ లేదు, నిప్పూ లేదు. అయినా చుర్రుమన్నది! ఇతరులను గుడ్డిగా అనుకరించేవాణ్ణి, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టున్నదని వెక్కిరిస్తాం. అది కూడా ఒక చురకే.

మాటల చురకకూ చోటు తెలియాలి. సోమరికి తగిలితే పనిలోకి దిగుతాడేమో! నత్తివాణ్ణి వెక్కిరిస్తే నత్తి పోతుందా? పోదు. మచ్చ మాత్రం మిగులుతుంది.