నచ్చిన పది చిత్రముల పట్టిక

చలనచిత్రములయందు నిజమైన అనురక్తి గల ఇద్దరు ఒకచోట కూడినప్పుడు, వారి సంభాషణ ఏ మార్గమున మొదలైనను, కొంతసేపటికి “నీకు మిక్కిలి నచ్చిన పది సినిమాలేవి?” అను ప్రశ్నయొద్దకు వచ్చి చేరుట కద్దు. ఒకరు వ్రేళ్లు మడచుచు పేర్లు చెప్పుదురు. రెండవవారు నాలుగవ పేరుకడనే అడ్డము వచ్చి, దానికంటె మేలైనది మరియొకటి కలదని వాదింతురు. ఎనిమిది పేర్లు తేలునప్పటికి మిగిలిన రెండు స్థానములకై పదునైదు చిత్రములు వేచియున్నవని ఇద్దరికిని తెలియవచ్చును. మరుసటి యేడు వారే కలిసికొని ఆ పట్టికనే మరల చెప్పినయెడల, అందు రెండు మూడు పేర్లైనను మారియుండును. ఈ మార్పును చూచి అస్థిరబుద్ధి యనువారు కలరు గాని, నా యభిప్రాయమున పట్టికకు ప్రాణము ఆ మార్పునందే యున్నది.

కర్నూలు జిల్లా పడమటి కొసయందలి చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ప్రేక్షకుని పట్టికకు తనదైన రూపముండుటకు తగిన కారణములు కలవు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. చిప్పగిరి ఆ ఆలూరు తాలూకాలోని గ్రామము. కన్నడమున వేలకొలది కీర్తనలు రచించిన విజయదాసులవారు 1755లో దేహము చాలించినది ఈ చిప్పగిరియందే. తెలుగు మాటలాడు ఇండ్లలో కన్నడ దేవరనామములు వినవచ్చు నేల యిది. ఇట్టిచోట పుట్టి పెరిగినవాని పట్టికలో ‘మాయాబజార్’ ప్రక్కనే, 1966లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ రాఘవేంద్రస్వామిగా నటించిన ‘మంత్రాలయ మహాత్మె’ నిలిచినచో వింత యేమున్నది? మంత్రాలయము ఎమ్మిగనూరునకు పొరుగుననే కలదు గదా. ఆ రాజ్‌కుమార్ నటించిన ఏకైక తెలుగు చిత్రము 1954 నాటి ‘కాళహస్తి మహాత్మ్యం’. కన్నడ చిత్రములలో జాతీయ ఉత్తమచిత్ర పురస్కారమును మొట్టమొదట పొందిన ‘సంస్కార’ (1970) దర్శకుడు మన నెల్లూరు సీమవాడు, పఠాభి యను పేర కవిగా ప్రసిద్ధుడైన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. భైరప్పగారి నవల ‘వంశవృక్ష’ను కన్నడమున కారంతు, కర్నాడులు కలిసి తీసిరి, 1980లో బాపు దానినే తెలుగున తీసెను. ఆ కథను రెండు భాషలయందును చూచి, పోల్చి, ఒకదానిని ఎన్నుకొనగల యోగ్యత సరిహద్దు ప్రేక్షకునకు సహజముగా అబ్బినది. తెలుగు పట్టిక యనియు కన్నడ పట్టిక యనియు విడదీసి చెప్పుమని వానిని నిర్బంధించుట అన్యాయము.

ఇట్టి పట్టికలు కూర్చు వాడుక లోకమంతటను కలదు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 మొదలుకొని పదేండ్లకొకసారి విమర్శకులను అడిగి ఉత్తమ చిత్రముల పట్టికను ప్రకటించుచున్నది. పద్ధతి మిక్కిలి సులభమైనది: ప్రతి విమర్శకుడు పది చిత్రముల పేర్లు వ్రాసి పంపును, ఏ పేరు ఎందరు వ్రాసిరో లెక్కించి వరుస కట్టుదురు. 1952లో ప్రథమస్థానము డిసీకా తీసిన ‘బైసికిల్ థీవ్స్’కు దక్కినది. పోయిన సైకిలు కొరకు రోమునగర వీథులలో తండ్రీకొడుకులు తిరుగు ఆ కథ తెరకెక్కి అప్పటికి నాలుగేండ్లే. మరి పదేండ్లకు అది ప్రథమస్థానమునుండి క్రిందికి దిగెను. ఆర్సన్ వెల్స్ తీసిన ‘సిటిజన్ కేన్’ ఆ స్థానమునెక్కి 2002 వరకు ఐదుమార్లు వరుసగా అందే నిలిచెను. హిచ్‌కాక్ చిత్రము ‘వెర్టిగో’ చరిత్ర మరింత విచిత్రము. 1958లో విడుదలైన నాడు ఆదరణ అంతంతమాత్రమే యైన ఆ చిత్రము 1982లో మొదటి పదింటిలోనికి వచ్చి, 1992లో నాలుగవది, 2002లో రెండవది, 2012లో మొదటిది అయ్యెను. నడుమ, ఏండ్ల తరబడి ప్రదర్శనకు దొరకక పోయిన ఆ చిత్రము 1980లలో తిరిగి జనుల యెదుటికి వచ్చుటయు, 1996లో దాని ప్రతిని శుద్ధిచేసి నూతనముగా నిలుపుటయు జరిగినవి. చిత్రము మారలేదు, చూచు కన్నులును, చూచుటకు దొరకు అవకాశమును మారినవి.

2022లో వచ్చిన పట్టిక అందరిని ఆశ్చర్యపరచెను. అంతకు ముందు 846 మంది విమర్శకులను అడిగినవారు ఆ యేడు 1,639 మందిని అడిగిరి. షాంటాల్ ఆకర్‌మన్ అను బెల్జియన్ దర్శకురాలు 1975లో తీసిన ‘జాన్ డీల్‌మన్’, ఒక వితంతువు మూడు దినముల ఇంటిపనిని మూడు గంటలకు పైగా ఓపికతో చూపు చిత్రము, మొదటిస్థానము నందుకొనెను. ఒక స్త్రీ తీసిన చిత్రము ఆ స్థానమున నిలుచుట అదే ప్రథమము. అడుగబడినవారి సంఖ్యయు స్వభావమును మారినంతనే సమాధానము మారుట పట్టికయొక్క లోపము కాదు. ఎవరిని అడిగిరో తెలియనిది ఏ పట్టికయు పూర్తిగా అర్థము కాదని మాత్రము దీనివలన మనము గ్రహింపవలెను.

మన దేశమున ఇందుకు చక్కని నిదర్శనము కలదు. భారతీయ సినిమా శతవత్సరముల సందర్భమున 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వార్తాసంస్థ ప్రజల యోట్లు కోరగా, భారతదేశపు సర్వోత్తమ చిత్రముగా ‘మాయాబజార్’ ఎన్నికైనది. తొమ్మిదేండ్ల తరువాత అంతర్జాతీయ విమర్శకుల సమాఖ్య భారతవిభాగమువారు పది చిత్రములను ఎన్నుకొనగా ప్రథమస్థానము సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’కి వచ్చెను, పదింటిలో తెలుగు చిత్రము ఒక్కటియు లేదు. కన్నడమునుండి గిరీశ్ కాసరవల్లి ‘ఘటశ్రాద్ధ’ కలదు. హైదరాబాదున పెరిగిన శ్యామ్ బెనెగల్ తెలంగాణ పల్లె బ్రతుకును చూపిన ‘అంకుర్’ కలదు గాని దాని భాష తెలుగు కాదు. దీనికి అలిగి ప్రయోజనము లేదు. మన పాతచిత్రములను మంచి ప్రతులతో, ఉపశీర్షికలతో పరభాషా విమర్శకుల ముంగిటికి చేర్చు పనిని మనము చాలినంత చేయలేదని నా నమ్మకము.

ఇక ఈ సీమలో మరియొక విధమైన లెక్క కలదు. అది దినముల లెక్క. 1800లో నైజాము కుంఫిణీవారికి దత్తము చేసిన మండలములను సినిమా వ్యాపారులు నేటికిని ‘సీడెడ్’ అనియే పిలుచుచున్నారు. అందు ఏ చిత్రము ఏ ఊర ఎన్నినాళ్లు ఆడినదో అభిమానులు కంఠస్థముగా చెప్పుదురు. 2014లో వచ్చిన బాలకృష్ణ చిత్రము ‘లెజెండ్’ ఎమ్మిగనూరున ఏడాదికి పైబడి ఆడినదనుట వారికి గర్వకారణము. ఆ గర్వమును నేను తేలికగా చూడను; ఊరి పేరు తెరపేరుతో జతపడుట ఆ యూరివారికి సంతోషమే. కాని ఒక చిత్రము ఎన్నినాళ్లు ఆడినది అనుట యొకటి, ఒక మనిషిలో ఎన్నియేండ్లు నిలిచినది అనుట మరియొకటి. ఇష్టముల పట్టిక రెండవదానికి సంబంధించినది.

నిలిచినవానిలో రెండింటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అవి రెండును 1951లో వచ్చినవి, రెండింటియందును నాయకుడు ఎన్.టి. రామారావే, రెండింటిని తీసినవారును రాయలసీమవారే. ‘పాతాళభైరవి’ దర్శకుడు కె.వి. రెడ్డి తాడిపత్రివాడు, ‘మల్లీశ్వరి’ దర్శకుడు బి.ఎన్. రెడ్డి కడప మండలమున పులివెందుల ప్రాంతమువాడు. చిప్పగిరికి దగ్గరనున్న గుంతకల్లులో మదరాసు రైలెక్కినవానికి గుత్తి దాటిన పిమ్మట తాడిపత్రి వచ్చును, ఆ వెనుక కడప వచ్చును. బాల్యమున చూచినవారు ‘పాతాళభైరవి’లోని తోటరాముని సాహసమును, రంగారావు వేసిన నేపాళమాంత్రికుని భయంకరరూపమును ముందు పెట్టుదురు. ఆ వయస్సున అదియే న్యాయము. నేనును చిరకాలము అట్లే పెట్టితిని. వయస్సు వచ్చిన కొలదిని ‘మల్లీశ్వరి’ పైకి వచ్చినది. వాననాటి సత్రములో, ఎదుటనున్నవాడు మారువేషమున నున్న కృష్ణదేవరాయలని యెరుగక, బావ పరిహాసమునకు అన్న మాటయే తరువాత నిజముగా పల్లకియై వచ్చి మరదలిని అంతఃపురమునకు కొనిపోవుటలో నున్న విషాదము పిల్లవానికి అందదు. రాజు దుర్మార్గుడు కాడు, తల్లి దుర్మార్గురాలు కాదు, అయినను ఇరువురి జీవితములు చిక్కుపడినవి. ఆ చిత్రమునకు దేవులపల్లి కృష్ణశాస్త్రి వ్రాసిన మాటలకు ఆ చిక్కును చెప్పగల మెత్తదనమున్నది. పైగా ఆ కథ నడచిన విజయనగరము బళ్లారికి ఆవలనే కలదు; ఆదోని కోట ఆ సామ్రాజ్యపు దుర్గములలో నొకటి. కనుక ఈ పడమటి సీమవారు దానిని తమ యింటి కథగా చూచుకొనుట సబబు.

చూడనిదానిని ఎవరును పట్టికలో చేర్చలేరు. మొదటి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్తప్రహ్లాద’ ప్రతి నేడు లభించుటలేదు; అది ఎంత గొప్పదైనను ఏ పట్టికకును ఎక్కదు. బళ్లారి రాఘవ రంగస్థలముపై చూపిన నటన, ఆదోని బళ్లారి జిల్లాలో నున్ననాటి ప్రేక్షకులు కన్నులార చూచినది, వారితోనే పోయినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘రైతుబిడ్డ’ వంటి కొలది చిత్రములలో మాత్రమే ఆయన నటించెను. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము వెలసినది 1964లో. అంతకు పూర్వమే మన టాకీలు ఎన్నియో నశించినవి. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడు, నలుపు తెలుపుల చిత్రము చూడని పిల్లలు హాలునకు వచ్చి ఘటోత్కచుని చూచిరి. నలుపు తెలుపే మేలని నాకు తోచినను, వారి పట్టికలోనికి ఆ చిత్రము చేరుటకు అది దారియైనది గనుక ఆ ప్రయత్నమును మెచ్చుకొందును.

టూరింగు టాకీసులలో నేల టిక్కెట్టు కొని చూచిన తరము మన యిండ్లలో ఇంకను కొంత మిగిలియున్నది. చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు సినిమాప్రియులకు నేను చేయు విన్నప మిది: మీ పట్టిక వ్రాయుటకు ముందు ఇంటి పెద్దల పట్టికను అడిగి వ్రాసికొనుడు. తెలుగైనను కన్నడమైనను సరే. చిత్రము పేరు, చూచిన ఊరు, హాలు, ఇంచుమించుగా ఏడు, నచ్చుటకు కారణముగా ఒక్క వాక్యము చాలును. పిమ్మట మీ పట్టికను తేదీతో వ్రాయుడు. అభిప్రాయము మారినప్పుడు పాతపేరును చింపివేయక, ఒక గీత మాత్రము గీసి, ప్రక్కన క్రొత్తపేరును, క్రొత్త తేదీని చేర్చుడు.