ఇంట్లో చదివే పిల్లతో ఓరుగల్లుకు

అమెరికాలోని మన తెలుగు సంఘంలో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న కుటుంబాలు ఇప్పుడు అరుదేమీ కాదు. వాళ్లలో వరంగల్, హనుమకొండ, కాజీపేటల నుంచి వచ్చినవాళ్ల నోట ఒక మాట తరచూ వినిపిస్తోంది: "అమ్మానాన్న పెద్దవాళ్లయ్యారు. ఉద్యోగం ఎక్కడ కూర్చున్నా చేసుకోవచ్చు. పిల్ల ఎలాగూ బడికి వెళ్లడం లేదు. ఇంకా ఇక్కడే ఎందుకుండాలి?" సబబైన ప్రశ్నే. అయితే పిల్లకు పదమూడేళ్లు దాటాక ఇల్లు, ఉద్యోగం కంటే ముందు తేల్చుకోవలసింది మరొకటుంది. పద్దెనిమిదేళ్లకు ఆ పిల్ల ఏ దేశంలో కాలేజీలో చేరాలి? అది తేలకుండా టికెట్లు కొనకండని గట్టిగా చెప్తాను.

చట్టం సంగతి ముందు చూద్దాం. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే, పద్ధతులే వేరు. న్యూయార్క్‌లో ఏటా చదువు ప్రణాళిక, మూణ్నెల్లకోసారి నివేదిక ఇవ్వాలి. టెక్సస్‌లో మొదటినుంచీ ఇంట్లోనే చదివే పిల్లల గురించి ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. భారతదేశంలో 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఇంటి చదువును అది పేరుపెట్టి ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. 14 నిండిన పిల్ల ఆ చట్టం పరిధి దాటినట్టే. ఎందుకు బడికి పంపడం లేదని ఎవరూ నిలదీయరు గానీ, పదో తరగతి, పన్నెండో తరగతి సర్టిఫికెట్లు లేకపోతే అక్కడ చాలా కోర్సుల్లో చేరడం కుదరదు. ఇంట్లో తల్లి తయారుచేసిన ట్రాన్‌స్క్రిప్టును అమెరికా కాలేజీలు చూస్తాయి. ఇండియాలో గుర్తింపు ఉన్న బోర్డు కాగితమే అడుగుతారు.

ఆ కాగితానికి దారి ఓపెన్ స్కూల్. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్‌ఐఓఎస్, 14 ఏళ్లు నిండినవాళ్లను పదో తరగతికి, 15 నిండినవాళ్లను పన్నెండుకు తీసుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. ఐదు సబ్జెక్టులు ఒకేసారి రాయనక్కర్లేదు, ఐదేళ్లలోపు ఒక్కొక్కటిగా పూర్తిచేసుకోవచ్చు. తన వేగంతో చదవడానికి అలవాటుపడ్డ పిల్లకు ఇంతకంటే నప్పే ఏర్పాటు ఇండియాలో మరొకటి నాకు కనబడలేదు. తెలుగులో రాయగలిగితే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఉంది. ఓపెన్ స్కూల్ అనగానే చదువు మధ్యలో ఆపేసినవాళ్ల కోసమని బంధువులు తేలిగ్గా తీసేస్తారు. ఆ మాట పట్టించుకోకండి. ఐదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ పన్నెండో తరగతి పాసైతే జేఈఈ మెయిన్ రాయవచ్చు. ఓపెన్ స్కూల్ పిల్లలను నీట్‌కు అనర్హులను చేసిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. సైన్స్ తీసుకునేవాళ్లకు మాత్రం ప్రాక్టికల్స్ ఇంట్లో కుదరవు. వాటికోసం స్టడీ సెంటర్‌కు వెళ్లాలి, అక్కడ ల్యాబ్ ఎలా ఉందో స్వయంగా చూసుకోవాలి.

తర్వాత పిల్ల పాస్‌పోర్టు తీసి చూడండి. అమెరికాలోనే పుట్టి ఓసీఐ కార్డు మీద వస్తున్న పిల్లలకు 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ పెద్ద మలుపు. దాని ప్రకారం వాళ్లు ఎన్నారై సీట్లకే పోటీపడాలి, భారత పౌరులకు కేటాయించిన సీట్లు వాళ్లకు దక్కవు. ఆ తేదీ తర్వాత ఓసీఐ తీసుకున్నవాళ్లకే ఇది వర్తిస్తుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి కార్డు మీద తేదీ ముఖ్యం. ఒకే ఇంట్లో అక్కకు ఒక రూలు, తమ్ముడికి ఒక రూలు అయ్యే అవకాశముంది. భారత పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు ఈ చిక్కు లేదు, కానీ రాష్ట్రంలో స్థానికులుగా లెక్కకు వస్తారా అన్న చిక్కు ఉంది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి, పరీక్ష కూడా ఇక్కడే పాసవ్వాలని వైద్య విద్య ప్రవేశాలకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. డాక్టరు కావాలనే పిల్ల పదిహేనేళ్లకు వస్తే ఆ నాలుగేళ్లు ఎక్కడినుంచి తెస్తాం?

అమెరికా కాలేజీకే వెనక్కి పంపాలనుకుంటే లెక్క వేరే. చాలా రాష్ట్రాల్లో స్థానికుల ఫీజు తల్లిదండ్రులు ఎక్కడ నివసిస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. మీరు ఇల్లు ఖాళీచేసి వచ్చేస్తే ఆ రాయితీ పోవచ్చు. దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది టైము. న్యూజెర్సీలో పొద్దున తొమ్మిదికి మొదలయ్యే ఆన్‌లైన్ క్లాసు హనుమకొండలో వేసవిలో సాయంత్రం ఆరున్నరకు, చలికాలంలో ఏడున్నరకు పడుతుంది. మధ్యాహ్నం క్లాసుకు ఇక్కడ అర్ధరాత్రి దగ్గరపడుతుంది. పిల్ల రాత్రి మేల్కొని పగలు నిద్రపోతుంది. ఊరు మారి కూడా ఊళ్లో లేనట్టే. లైవ్ క్లాసులు మానుకుని రికార్డు చేసినవి తీసుకోగలిగితేనే వరంగల్‌లో ఉన్నందుకు ఫలం.

ఎందుకంటే ఇంట్లో చదువుకునే పిల్లకు ఈ ఊరు ఇవ్వగలిగింది నిజంగా ఎక్కువ. హైదరాబాద్ నుంచి 145 కిలోమీటర్లే. 1959లో ఆర్ఈసీగా మొదలైన నేటి ఎన్‌ఐటీ, 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. 2022లో యునెస్కో తన లెర్నింగ్ సిటీల జాబితాలో వరంగల్‌ను చేర్చింది. 1213 నాటి రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది. పునాది కింద ఇసుక నింపారు. ఇటుక ఎందుకు తేలుతుంది, ఇసుక మీద రాతిగుడి ఎనిమిది వందల ఏళ్లు ఎలా నిలిచింది, పక్కన చెరువు ఎందుకు తవ్వారు అని అడుగుతూ పోతే భౌతికశాస్త్రం, చరిత్ర, వ్యవసాయం ఒక్కచోటే దొరుకుతాయి.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో తెల్లవారుజామున తీసుకెళ్లండి. బస్తాల మధ్య నడుస్తుంటే ఘాటుకు కళ్లు మండుతాయి, తుమ్ములు ఆగవు. జెండా పాటలో ఆ రోజు ధర పలుకుతుంది. కాసేపటికి అదే వరుసలో నిలబడ్డ రైతు చేతికి వచ్చిన తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, ఎంత రాశారో పక్కనే ఉండి చూడమనండి. ఆ రెండంకెల మధ్య తేడా ఎందుకొచ్చిందని, తేమ, రంగు, కోత అంటూ పిల్ల తానే అడగడం మొదలుపెడితే ఆ నెలకు అర్థశాస్త్రం పాఠం అయిపోయినట్టే. కొత్తవాడ దర్రీల మగ్గాలు, పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర, హనుమకొండ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ కూడా ఉన్నాయి.

దొరకనిది తోటివాళ్లు. డాలస్‌లో హోమ్‌స్కూల్ కుటుంబాలు కలిసి నడుపుకునే కో-ఆప్‌లు ఉంటాయి, పార్కులో కలిసే రోజులుంటాయి. హనుమకొండలో పదహారేళ్ల పిల్లలు పొద్దున్నే కాలేజీ బస్సెక్కి, స్టడీ అవర్లు ముగించుకుని చీకటిపడ్డాక ఇల్లు చేరతారు. ఆదివారం వీక్లీ టెస్టు. వాళ్లకు తీరిక ఉండదు, మీ పిల్లకు తోడు ఉండదు. ఇక ఇంటికొచ్చిన ప్రతి చుట్టం అడిగే మొదటి ప్రశ్న, "ఏం జదువుతున్నవ్ బిడ్డా?" ఇంట్లనే అని చెప్తే, "అయ్యో, బడి మాన్పిచ్చిన్రా?" అని నానమ్మ కంగారుపడుతుంది. ప్రేమతో అడిగిన మాటే అయినా రోజూ వింటే ఆ వయసుకు గుచ్చుకుంటుంది. దీనికి తల్లిదండ్రులే ముందుగా పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడాలి, పిల్లను సంజాయిషీ చెప్పుకునే స్థితిలో పెట్టకూడదు. సంగీతమో, కూచిపూడో, బ్యాడ్మింటనో, రోజూ మనుషుల మధ్యకు వెళ్లే పని ఒక్కటైనా మొదటి వారంలోనే కుదర్చాలి.

డిసెంబరులో పెళ్లిళ్లకు వచ్చి ఊరు బాగుందని నిర్ణయించుకోవద్దు. అప్పుడు అందరూ సెలవులో ఉంటారు. తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. జూన్ చివరినుంచి ఆగస్టు దాకా ఒక అద్దె ఇంట్లో ఉండి చూడండి. వానలో ఏ కాలనీలోకి నీళ్లొస్తాయో కూడా తెలుస్తుంది. 2023 జులై వరదలను అక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ వారాల్లో పిల్ల చదువు, నిద్ర, స్నేహాలు ఎలా సాగాయో ఆ పిల్లనే అడగండి. వద్దంటే ఆ మాటకు విలువివ్వండి.

నా అభిప్రాయం ఇది. పదమూడు దాటకముందైతే నిశ్చింతగా వెళ్లండి. ఓపెన్ స్కూల్‌కు, భాషకు, స్థానికతకు అన్నింటికీ వ్యవధి ఉంటుంది. పద్నాలుగు, పదిహేనుల్లో ఉంటే కాలేజీ ఏ దేశంలోనో తేలాకే కదలండి. పదహారు దాటి అమెరికా చదువు మధ్యలో ఉంటే ఆ రెండేళ్లు ఆగండి, అమ్మానాన్నల దగ్గరికి మీలో ఒకరు వెళ్లి వస్తూ ఉండండి.